గేమ్ పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 97 డిగ్రీలు, మదర్‌బోర్డు మార్చాలంటున్నారు

పలాస_కుర్రోడు
లాప్‌టాప్ కొని మూడున్నరేళ్ళు. ఇంటెల్ ఐ7-10750హెచ్, జీటీఎక్స్ 1660 టీఐ, 16 జీబీ ర్యామ్. కొత్తలో వాలరెంట్ గేమ్ ఎంతసేపు ఆడినా 80, 82 దాటేది కాదు. ఇప్పుడు పది నిమిషాలకే 97. ఫ్యాన్ల మోతకి పక్క గదిలో అమ్మకి నిద్ర పట్టదు. స్పీడు 2.2 గిగాహెర్ట్జ్‌కి పడిపోతుంది, 140 ఉండే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) 45కి వచ్చేస్తుంది. ఏ పనీ చెయ్యకుండా వదిలేసినా 62 చూపిస్తోంది.
వైజాగ్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను. రానూ పోనూ ఒక రోజంతా పోయింది. కింద మూత కూడా తీయకుండా మదర్‌బోర్డు మార్చాలి, 38 వేలు అవుతుంది అన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. నాన్నని అంత డబ్బు అడగలేను.
1,400 పెట్టి కూలింగ్ ప్యాడ్ కొన్నాను, రెండు డిగ్రీలు తగ్గింది. షాపులో బ్లోయర్‌తో కింద జాలీలోంచి ఊదించాను, ఏమీ మారలేదు. థర్డ్ ఇయర్ ప్రాజెక్టు పని కూడా దీని మీదే చెయ్యాలి. కాశీబుగ్గ, టెక్కలి చుట్టుపక్కల నమ్మకంగా విప్పి చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గంటస్తంభం_గేమర్
మూత తీయకుండా బోర్డు పోయిందని ఎలా చెప్పారు? గేమ్ లోడవుతోంది, డిస్‌ప్లే వస్తోంది, హ్యాంగ్ అవ్వట్లేదు. బోర్డు బాగానే ఉంది తమ్ముడూ. 38 వేలు ఎవరికీ ఇవ్వకు. చిప్ వేడిని పైనున్న రాగికి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయుంటుంది, అంతే.

చీపురుపల్లి_చిన్నోడు
విప్పడం ఎందుకు, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. 100ని 99 చెయ్యి. టర్బో, అంటే మామూలు స్పీడు దాటి పరుగెత్తడం, ఆగిపోతుంది. నాది అలా చేస్తే 94 నుంచి 72కి దిగింది. పైసా ఖర్చు లేదు.

గంటస్తంభం_గేమర్
చిన్నోడూ, ఆ చిప్ బేస్ స్పీడు 2.6, టర్బోలో 5.0 దాకా వెళ్ళగలదు. టర్బో ఆపేస్తే 2.6 దగ్గరే కూర్చుంటుంది. ఇప్పుడు వేడికి 2.2కి పడుతోంది కాబట్టి కాస్త నయమనిపిస్తుంది గానీ 140 ఎఫ్‌పీఎస్ ఎక్కడొస్తుంది? పోయిన పనితనం తిరిగి కావాలని అడుగుతున్నాడు కుర్రాడు.

చీపురుపల్లి_చిన్నోడు
ప్రాజెక్టు గడువు దాకా నడుస్తుంది కదా అన్నా. తర్వాత విప్పుకోవచ్చు.

రిపేరు_రాజాం
రెండూ నిజమే. కానీ ముందు కొలత లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. నేను పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. "వేడెక్కుతోంది" అని తెచ్చిన ప్రతి మెషీనూ ఒకే జబ్బుతో రాదు. ఒకదానికి ఫ్యాన్ తిరగదు, ఒకదానికి వేడిని గాలికి వదిలే సన్నటి రేకుల మధ్య దుమ్ము, ఒకదానికి పేస్టు చిప్ మీంచి పక్కలకి జారిపోయి ఉంటుంది. ఒకదానికి ఏదో ప్రోగ్రామ్ లోపల నడుస్తూ ప్రాసెసర్‌ని తినేస్తూ ఉంటుంది. అన్నిటికీ పేస్టు మార్చి పంపేస్తే నాకు డబ్బులొస్తాయి, వాళ్ళకి వేడి తగ్గదు.
బాబూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని వేడి, వాట్లు చూపించే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, వేసుకో. గేమ్ పదిహేను నిమిషాలు ఆడి మూడు అంకెలు రాసిపెట్టు. సీపీయూ ప్యాకేజ్ పవర్ ఎన్ని వాట్లు, ఆ టైములో ఉష్ణోగ్రత ఎంత, ఫ్యాన్ ఆర్‌పీఎం ఎంత. గదిలో ఎంత వేడి ఉందో కూడా చూడు. ఇంకొకటి, వెనకా పక్కా గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టు. గాలి బలంగా వస్తోందా, వేడిగా వస్తోందా అన్నది చెప్పు. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ఎంత శాతం వాడుతోందో కూడా.

బొబ్బిలి_వీణ
టచ్‌ప్యాడ్ ఎత్తుగా వచ్చిందా, క్లిక్ గట్టిపడిందా చూసుకోండి. నాది ఇలాగే నెలల తరబడి వేడి మీద నడిచి బ్యాటరీ ఉబ్బింది. టచ్‌ప్యాడ్ కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి మొదట అక్కడే తెలిసింది. అలా కనిపిస్తే ఛార్జింగ్ పెట్టడం ఆపేసి, ఏ సూదితోనూ స్క్రూడ్రైవర్‌తోనూ దాన్ని ముట్టుకోకుండా మార్పించెయ్యండి.

పలాస_కుర్రోడు
@బొబ్బిలి_వీణ టచ్‌ప్యాడ్ మామూలుగానే ఉందండీ, ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. 
@రిపేరు_రాజాం అన్నా, కొలిచాను. గదిలో 33. గేమ్‌లో సీపీయూ 97, ప్యాకేజ్ పవర్ 28 వాట్లు. థర్మల్ త్రాటిలింగ్ (వేడికి స్పీడు తగ్గించుకోవడం) దగ్గర "యెస్" అని ఎర్రగా వస్తోంది. రెండు ఫ్యాన్లూ 5,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నాయి. ఊరికే ఉన్నప్పుడు సీపీయూ 2, 3 శాతం, అంటే లోపల ఏదీ నడవట్లేదు. గాలి విషయం మాత్రం వింతగా ఉంది. కుడి పక్క బలంగా, వేడిగా వస్తోంది. ఎడమ పక్క చెయ్యి పెడితే తగలీ తగలనట్టు.
పాత స్క్రీన్‌షాట్ ఒకటి దొరికింది, కొత్తలో మా బావకి చూపించడానికి తీసింది. అందులో 45 వాట్లు, 82 డిగ్రీలు.

ఫిజిక్స్_మాస్టారు
ఈ పాత స్క్రీన్‌షాట్ బంగారం. దీంతో లెక్క వేసుకోవచ్చు.
గది కంటే చిప్ ఎంత ఎక్కువ వేడిగా ఉందో చూసి, దాన్ని వాట్లతో భాగించండి. కొత్తలో గది 30 అనుకుందాం. 82లోంచి 30 తీస్తే 52, దాన్ని 45తో భాగిస్తే వాటుకి సుమారు 1.2 డిగ్రీలు. ఇప్పుడు 97లోంచి 33 తీస్తే 64, దాన్ని 28తో భాగిస్తే వాటుకి 2.3. అంటే అదే ఒక వాటు వేడిని బయటికి పంపడం ఇప్పుడు రెట్టింపు కష్టమైంది. గ్రాఫిక్స్ చిప్ వేడి కూడా, రేకుల దాకా వేడిని మోసే అదే రాగి గొట్టాల్లోకి వస్తుంది కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు, అయినా ఇంత తేడా పొరపాటున రాదు. ప్రాసెసర్ ఎక్కువ వేడి పుట్టించడం లేదు, పాపం అది సగం పనే చేస్తోంది. పుట్టిన వేడికి దారి మూసుకుపోయింది.
97 అనగానే చిప్ కాలిపోతుందని భయపడకండి. ఈ చిప్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100. లాప్‌టాప్ తయారీదారులు చాలామంది రెండు మూడు డిగ్రీల ముందే ఆగేలా పెడతారు. హద్దు దగ్గరికి రాగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది. మీకు 2.2 కనిపిస్తున్నది అందుకే.

గంటస్తంభం_గేమర్
మాస్టారూ, ఎండాకాలం సాయంత్రం మాకు లో వోల్టేజీ. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. దానివల్ల కూడా ప్రాసెసర్ వేడెక్కుతుందా? మా ఫ్రెండ్ ఒకడు స్టెబిలైజర్ కొనమంటున్నాడు.

ఫిజిక్స్_మాస్టారు
ప్రాసెసర్ వేడెక్కదు. అడాప్టర్ మీద చూడండి, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుందని రాసి ఉంటుంది. ఇంట్లో వోల్టేజీ తగ్గితే అది గోడలోంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, అడాప్టర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. లాప్‌టాప్‌కి వెళ్ళే వోల్టేజీ మాత్రం మారదు. ఈ సమస్య కోసం స్టెబిలైజర్ అక్కర్లేదు.

రిపేరు_రాజాం
మాస్టారి లెక్క బావుంది. నేను చేత్తో చూసేదాన్ని ఆయన అంకెల్లో చెప్పారు.
గాలి సంగతి చెబుతాను. గాలి బలంగా వేడిగా వస్తే దారి బాగున్నట్టు. గాలి బలంగా ఉండి చల్లగా వస్తుంటే, పైన చిప్ మాత్రం మండుతుంటే, వేడి రేకుల దాకా రావట్లేదని అర్థం. అప్పుడు పేస్టో, గొట్టమో. ఫ్యాన్ 5,000 తిరుగుతూ కూడా గాలి రాకపోతే రేకుల ముందు ఏదో అడ్డుపడింది. నీ ఎడమ పక్క మూడోది. పేస్టు కూడా పాతబడే ఉంటుంది, మూడున్నరేళ్ళు కదా, కానీ అసలు దొంగ ఆ ఎడమ పక్క రేకుల దగ్గర ఉన్నాడు.

పలాస_కుర్రోడు
మరి బ్లోయర్ కొట్టించాను కదన్నా? షాపాయన ఐదు నిమిషాలు కొట్టాడు.

రిపేరు_రాజాం
కింద జాలీలోంచి కొడితే ఫ్యాన్‌కీ రేకులకీ మధ్యన ఉన్న దుమ్ము ఇంకా రేకుల్లోకే కూరుకుంటుంది. అది లోపలివైపు పరుచుకుని ఉంటుంది, బయటికి కనపడదు. పైగా ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపకుండా బ్లోయర్ కొడితే దాని శక్తికి మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. మూత తీసే కొట్టాలి.

పొందూరు_నూలు
నా అనుభవం చెప్తాను. మా ఇంట్లో అమ్మమ్మ ఇప్పటికీ రాట్నం వడుకుతుంది. పొందూరులో ఇది మామూలే. పత్తి ఏకేటప్పుడు గాల్లో లేచే నూగు కంటికి కనపడదు. నా లాప్‌టాప్ ఏడాదిన్నరకి ఇలాగే 95కి వెళ్ళింది. విప్పితే ఫ్యాన్ అంచున బొంత పరిచినట్టు తెల్లటి పొర, పట్టకారుతో లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. పేస్టు ముట్టుకోకుండానే 14 డిగ్రీలు తగ్గింది. మీ ఇంటి చుట్టుపక్కల ఏముంది? దుమ్ము ఎలాంటిదో తెలిస్తే శుభ్రం చేసే పద్ధతి తెలుస్తుంది.

పలాస_కుర్రోడు
చుట్టూ ఏముంటుందండీ, పలాస కదా. ఇంటి వెనక గోడ అవతల జీడి ఫ్యాక్టరీ. నా టేబుల్ ఆ వెనక కిటికీ పక్కనే, గాలి వస్తుందని.

జీడితోట_అక్క
ఆ ముక్క ముందే సెప్పాలి కద బాబూ! మాదీ కాశీబుగ్గే, మా ఇంట్లో మూడు తరాలుగా జీడి పనే. పిక్క తొక్కలో నూనె ఉంటాది, సేతికి తగిలితే పొక్కిపోద్ది. పిక్క ఒలిసే ఆడోళ్ళ సేతులు సూడు, తెలుస్తాది. ఆ తొక్కలే బాయిలర్‌లో మంటకి యేస్తారు. ఆ పొగలో కూడా జిడ్డు ఉంటాది. మా ఇంట్లో వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు ఆరు నెల్లకోపాలి కడగకపోతే నల్లటి తారు పట్టినట్టు ఉంటాయి. ఊదితే పోదు, గీకాలి. నీ మెషీన్లో ఉన్నది దుమ్ము కాదు, ఇదే.

రిపేరు_రాజాం
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నా దగ్గరికి అటునుంచి వచ్చిన ఒక డెస్క్‌టాప్‌లో ఇలాగే చూశాను, అప్పుడు నాకు కారణం అర్థం కాలేదు. పొగలో జిడ్డు ముందు రేకుల మీద పూతలా అంటుకుంటుంది, దాని మీద మామూలు దుమ్ము అతుక్కుంటుంది. బ్లోయర్ దాన్ని కదపలేదు. హీట్ సింక్, అంటే ఆ రేకులూ గొట్టాలూ ఉన్న రాగి భాగం, విప్పి బయటికి తీసి కడగాల్సిందే.

చీపురుపల్లి_చిన్నోడు
జిడ్డు అంటే కిరోసిన్‌లో ముంచితే చిటికెలో పోతుంది కదా. మా నాన్న బండి చైన్ అలాగే కడుగుతారు.

రిపేరు_రాజాం
వద్దు. కిరోసిన్ ఆరాక కూడా పల్చటి నూనె పొర వదిలేస్తుంది. మళ్ళీ నెల తిరక్కుండా దుమ్మంతా దాని మీదే పడుతుంది. పెట్రోలు అయితే అసలే వద్దు, ఇంట్లో ఆవిరికి నిప్పంటుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం అని రాసి ఉన్నది తెచ్చుకో. అదీ మండేదే, కాబట్టి కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా. పాత మెత్తటి టూత్‌బ్రష్, రేకులు వంగకుండా నిలువు దిక్కునే తోమాలి. జిడ్డు మరీ మొండిదైతే ఫ్యాన్ పూర్తిగా తీసేసి, ఉత్త రాగి సింక్‌ని గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మంచి నీళ్ళు పోసి, చివర ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, ఒక రోజు ఆరబెట్టు. ఫ్యాన్‌కి మాత్రం నీళ్ళు తగలకూడదు.

కళింగపట్నం_గాలి
మా వైపు కథ వేరు. సముద్రం ఇంటికి నడిచేంత దూరం. రాగి రేకులు పచ్చగా చిలుము పట్టేశాయి, ఫ్యాన్ బేరింగ్ తుప్పుతో కీచుమని అరిచేది. శుభ్రం చేసి ఫ్యాన్ మార్చాల్సి వచ్చింది, 850 అయింది. అప్పట్నుంచి వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో బ్యాగులో పెట్టి జిప్ వేసేస్తున్నాను. టేబుల్ మీద తెరిచి వదలను. రెండేళ్ళయింది, మళ్ళీ చిలుము రాలేదు.

గంటస్తంభం_గేమర్
వేడి మీదున్నప్పుడే బ్యాగులో పెట్టేస్తే? నేనొకసారి స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేసి విజయనగరం నుంచి వైజాగ్ వెళ్ళాను. తీసేసరికి ముట్టుకోలేనంత వేడి.

కళింగపట్నం_గాలి
షట్‌డౌన్ చేసి, చల్లారాకే. స్లీప్‌లో దానంతట అదే మేలుకుంటుంది, బ్యాగులో గాలి ఉండదు.

పలాస_కుర్రోడు
ఆదివారం నేనే విప్పుదామనుకుంటున్నాను. మా బావ తోడుంటాడు. సామాన్లు ఏం తెచ్చుకోవాలి? పేస్టు ఏది మంచిది? యూట్యూబ్‌లో లిక్విడ్ మెటల్ అంటున్నారు, 15 డిగ్రీలు తగ్గుతుందట.

రిపేరు_రాజాం
లిక్విడ్ మెటల్ మొదటిసారి విప్పేవాళ్ళ పని కాదు. అందులో గాలియం ఉంటుంది, కరెంటు పారుతుంది. ఒక బొట్టు చిప్ పక్కనున్న చిన్న చిన్న భాగాల మీద పడితే అప్పుడు నిజంగానే మదర్‌బోర్డు పోతుంది. అల్యూమినియం తగిలితే దాన్ని తినేస్తుంది. 
మామూలు పేస్టుల్లో ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటిది చాలు. కానీ లాప్‌టాప్‌లో చిప్ మీద లోహపు మూత ఉండదు, వేడెక్కి చల్లారుతూ ఉంటే పల్చటి పేస్టు నెలల్లో అంచులకి నెట్టుకుపోతుంది. అందుకని నేను ఇప్పుడు పేస్టు బదులు హనీవెల్ పీటీఎం7950 షీటు వాడుతున్నాను. గది వేడిలో గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీద సర్దుకుంటుంది. పక్కకి జారిపోదు. ఒకసారి వేస్తే మళ్ళీ చూడక్కర్లేదన్నంత కాలం వస్తుంది. నకిలీలు ఉన్నాయి, నమ్మకమైన చోటే కొనుక్కో.

గంటస్తంభం_గేమర్
నేను పేస్టే వేస్తాను. ఏడాదికోసారి విప్పడం నాకు అలవాటు, ఎలాగూ దుమ్ము తీయాలి కదా. షీటు అతికించేటప్పుడు ఒక మూల మడత పడితే పారెయ్యాల్సిందే.

రిపేరు_రాజాం
పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ప్లాస్టిక్ పొర సులువుగా ఊడుతుంది, మడత పడదు.
బాబూ, పని క్రమం గుర్తుపెట్టుకో. ఛార్జర్ తీసెయ్, షట్‌డౌన్ చెయ్, కింద మూత తీశాక అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యి. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు 1 నుంచి, ఒక్కోటి కొంచెం కొంచెంగా. ఒకేసారి ఒక మూల బిగించేస్తే చిప్ అంచు విరుగుతుంది. స్క్రూలు పొడుగూ పొట్టీ కలిసుంటాయి, కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి ఎక్కడివక్కడ గుచ్చు.

ఫిజిక్స్_మాస్టారు
ఆ రాగి గొట్టాలు ఉత్త రాగి కడ్డీలు కావు, వంచకండి. లోపల బోలుగా ఉంటాయి, గాలి తీసేసి కాసిన్ని నీళ్ళు పెట్టి మూసేస్తారు. చిప్ దగ్గర ఆ నీరు ఆవిరై రేకుల దగ్గరికి పరుగెడుతుంది, అక్కడ చల్లబడి మళ్ళీ నీరై, గోడల వెంబడి ఉండే సన్నటి వత్తిలోంచి వెనక్కి వస్తుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టే. గొట్టం నలిగితే ఆ ప్రయాణం ఆగిపోతుంది, తర్వాత ఎంత మంచి షీటు వేసినా లాభం లేదు.

పలాస_కుర్రోడు
ఆదివారం మధ్యాహ్నం. విప్పాం. 
అక్కా, మీరు చెప్పినట్టే ఉంది. ఎడమ పక్క ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య నల్లటి పట్టీ, తారు పూసిన గోనె ముక్కలాగా. వేలు పెడితే అంటుకుంటోంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కుడి పక్క రేకుల్లోంచి అవతల కనిపిస్తోంది, ఎడమ పక్క మూడొంతులు చీకటి. మా బావ చూసి, ఇంతకాలం ఇది ఊపిరి ఎలా తీసిందిరా అన్నాడు.
ప్రాసెసర్ మీద పేస్టు మధ్యలో దాదాపు లేదు, చుట్టూ ఎండిన మట్టికట్టలా ఉంది. 
ఇప్పుడు భయంగా ఉంది. సింక్ ఎత్తేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ పక్కన మెమరీ మీదున్న బూడిద రంగు ప్యాడ్ ఒకటి చిరిగి రెండు ముక్కలైంది. అక్కడ కూడా పేస్టు పూసేయొచ్చా?

రిపేరు_రాజాం
వద్దు! అక్కడ ఆగు. ప్యాడ్ ఉన్న చోట చిప్‌కీ రాగికీ మధ్య ఖాళీ ఉంటుంది, పేస్టు ఆ ఖాళీ పూడ్చలేదు. గేమ్ ఆడుతుంటే మెమరీ వేడెక్కి గీతలు వస్తాయి, ఆపైన చచ్చిపోతుంది. చిరగని ప్యాడ్ మందం కొలువు. నొక్కుకుపోయిన చోట కాకుండా అంచున చూడు. అదే మందంది తెప్పించు. మందం ఎక్కువైతే ప్రాసెసర్ మీద సింక్ ఆనదు, తక్కువైతే మెమరీకి తగలదు.

పలాస_కుర్రోడు
బావ దగ్గర వెర్నియర్ ఉంది. అంచున 1 మిల్లీమీటరు వచ్చింది. ప్యాడ్లు, షీటు ఆర్డర్ పెట్టాను, నాలుగు రోజులు పడుతుందట. ఈలోపు కడగడం పూర్తి చేస్తాను. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసే ఉంచి, మూత పైన కప్పి, పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను.

బొబ్బిలి_వీణ
ఆగడం మంచి పని. నేనైతే ఆ రాత్రే బిగించేసేదాన్ని.

చీపురుపల్లి_చిన్నోడు
ఈ నాలుగు రోజులు ప్రాజెక్టు?

పలాస_కుర్రోడు
కాలేజీ ల్యాబ్‌లో చేస్తున్నాను. ఆరింటి దాకా ఉంచమని సార్‌ని అడిగాను, ఒప్పుకున్నారు.

జీడితోట_అక్క
ఆల్కహాల్‌తో పోయిందా లేదా సెప్పలేదు.

పలాస_కుర్రోడు
ఆల్కహాల్‌తో సగమే పోయిందక్కా. తర్వాత రాజాం అన్న చెప్పినట్టు ఫ్యాన్లు తీసేసి, గిన్నెల లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టాను. నీళ్ళు మూడుసార్లు మార్చాను, మొదటి రెండుసార్లు కాఫీ రంగు. నాన్న వచ్చి పక్కన కూర్చుని బ్రష్ తీసుకుని ఆయనే తోమారు. నేను డబ్బులు అడగలేక దాచిన సంగతి అప్పుడే చెప్పాను. ఏమీ అనలేదు.

గంటస్తంభం_గేమర్
షీటు వేసి బిగించాక ఒకటి చూసుకో. త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్ వేసి అండర్‌వోల్ట్ చెయ్యగలిగితే, అంటే చిప్‌కి వెళ్ళే వోల్టేజీ తగ్గించగలిగితే, ఇంకో ఐదారు డిగ్రీలు దిగుతుంది. నా పాత 9వ తరం దాంట్లో 80 మిల్లీవోల్టులు తగ్గించి రెండేళ్ళు నడిపాను.

ఫిజిక్స్_మాస్టారు
దాని వెనక లెక్క ఉంది. చిప్ తినే పవర్ (వాట్లు) స్పీడుతో పాటు పెరుగుతుంది, కానీ వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే అదే స్పీడులో వేడి దాదాపు 19 శాతం తగ్గుతుంది. టర్బో చివరి కొసన కాస్త స్పీడు కోసం వోల్టేజీ బాగా పెంచాలి, అందుకే అక్కడ వేడి అంత ఖరీదు.

పలాస_కుర్రోడు
(గురువారం రాత్రి) ప్యాడ్లు, షీటు వచ్చాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీశాను, పొర హాయిగా ఊడింది. బిగించాం. ఆన్ బటన్ నొక్కేటప్పుడు చెయ్యి వణికింది. లోగో వచ్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.
గది 32. ఊరికే ఉంటే 46. గేమ్ అరగంట: 45 వాట్లు, 83. ఎడమ పక్క గాలి ఇప్పుడు కుడి పక్క లాగే కొడుతోంది. స్పీడు 3.6 దగ్గర నిలబడింది, 140 ఎఫ్‌పీఎస్ వచ్చేసింది.

రిపేరు_రాజాం
శభాష్! షీటు ఇంకా సర్దుకోలేదు. నాలుగైదు సార్లు బాగా వేడెక్కి చల్లారనివ్వు, ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

ఫిజిక్స్_మాస్టారు
83లోంచి 32 తీస్తే 51, 45తో భాగిస్తే 1.1 పైచిలుకు. కొత్తప్పటి లెక్కకి వచ్చేశారు.

పలాస_కుర్రోడు
త్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజీ పేజీ లాక్ అని చూపిస్తోంది. మార్చనివ్వట్లేదు. నేనేమైనా పాడుచేశానా?

గంటస్తంభం_గేమర్
నువ్వేం చెయ్యలేదు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అని ఒక భద్రతా లోపం బయటపడింది. వోల్టేజీని కావాలని తగ్గించి ప్రాసెసర్ చేత తప్పు లెక్కలు చేయించి, లోపల దాచిన రహస్యాలు లాగొచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో చాలా కంపెనీలు బయోస్ (మెషీన్ ఆన్ అవ్వగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లలో ఆ తలుపు మూసేశాయి. పాత బయోస్ వేసి తెరవాలని చూడకు, నీకు ఇప్పుడు అవసరమూ లేదు. బదులు గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ హద్దు 144 పెట్టు, మెనూలో ఉన్నప్పుడు 60 పెట్టు. లాబీలో ఊరికే కూర్చున్నప్పుడు కూడా గ్రాఫిక్స్ చిప్ వందల ఫ్రేములు గీస్తూ ఆ వేడంతా అవే గొట్టాల్లోకి పోస్తుంది.

పలాస_కుర్రోడు
పెట్టాను. 79కి వచ్చింది. లాబీలో 64.

చీపురుపల్లి_చిన్నోడు
నాది కూడా విప్పించాలనిపిస్తోంది. 99 శాతం పెట్టి రెండేళ్ళుగా నడుపుతున్నాను, నిజంగా ఎంత స్పీడు ఉందో మర్చిపోయాను. రాజాం గారూ, మాది గరివిడి వైపు, ఎర్రటి దుమ్ము. ఈ ఆదివారం తెస్తే చూస్తారా?

రిపేరు_రాజాం
తీసుకురా. ముందు మూడు అంకెలు రాసుకుని రా.

కళింగపట్నం_గాలి
పలాస తమ్ముడూ, టేబుల్ ఇంకా ఆ కిటికీ పక్కనే ఉందా?

పలాస_కుర్రోడు
లేదండీ, నాన్నా నేనూ కలిసి నిన్ననే ముందు గదిలోకి మార్చేశాం. వెనక కిటికీకి సన్నటి తెర గుడ్డ కూడా కట్టాం. మూడు నెలలకోసారి మూత తీసి ఎడమ పక్క వెలుతురుకి పెట్టి చూస్తాను.

జీడితోట_అక్క
మా పిల్లది నర్సింగ్ సదువుతోంది, దాని లాప్‌టాప్ కూడా ఏసవిలో మోత మోగిపోతాది. కొత్తది కొనమని పోరు పెడతాంది. నువ్వు సూస్తావేటి బాబూ? ఆల్కహాల్, బ్రష్ నానే తెస్తాను.

పలాస_కుర్రోడు
తప్పకుండా అక్కా. షీటులో ఇంకో ముక్క మిగిలింది, అది దానికి సరిపోతుంది. ఆదివారం పదింటికి రండి, బావని కూడా పిలుస్తాను. బ్రష్ రెండు తెండి, నాన్న కూడా తోముతారు.